పట్టాల పక్క ఇళ్లకు ముందుగా ఒక మాట

(విజయవాడ–గూడూరు రైలు మార్గం పక్కన ఉన్న ఒక కాలనీలో, రాత్రిపూట జరుగుతున్న ట్రాక్ పనుల గురించి మాట్లాడుకోవడానికి కాలనీవాసులు సమావేశమయ్యారు. అక్కడే నివసించే విశ్రాంత రైల్వే ఇంజినీరింగ్ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం ఇంతమంది పనులు మానుకుని వచ్చారంటేనే ఈ విషయం మనల్ని ఎంత ఇబ్బంది పెడుతోందో తెలుస్తోంది. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి చాప మీద కూర్చోండి నాన్నా, నాకేం అడ్డం కాదు.

మొదటే ఒక మాట చెప్పేస్తాను. రాత్రిపూట పట్టాల మీద పని ఆపించాలని ఎవరైనా అనుకుని వచ్చి ఉంటే, అందులో నేను మీతో రాలేను. ఆ పని జరిగి తీరాలి. నేను అడిగేది వేరు. ఫలానా రాత్రి, ఫలానా గంటకు, ఫలానా మెషీన్‌తో పని జరుగుతుందని మనకు కనీసం ముందు రోజైనా తెలియాలి. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఈ ఒక్క కోరిక కోసమే.

నా సంగతి మీలో చాలామందికి తెలుసు. నా ఉద్యోగమంతా పర్మనెంట్ వే విభాగంలోనే గడిచింది. పట్టాలు, వాటి కింద అడ్డంగా వేసే స్లీపర్లు, కంకర, పాయింట్లు, ఇవన్నీ చూసుకునే విభాగం అది. రిటైరయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకున్నాను. కాబట్టి రాత్రి పనులు దగ్గరుండి చేయించడమంటే ఏమిటో తెలుసు, ఆ చప్పుడుకు మంచం మీద లేచి కూర్చోవడమంటే ఏమిటో కూడా తెలుసు.

"అసలు రాత్రే ఎందుకండీ, పగలు చేసుకోవచ్చు కదా" అని మొన్న పాలకేంద్రం దగ్గర ఒకమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్న. పాల ప్యాకెట్లు చేతిలో పట్టుకుని చెప్పే జవాబు కాదు కనుక ఇక్కడ చెబుతున్నాను.

రైళ్లు నడిచే లైను మీద మెషీన్ పెట్టాలంటే ముందు ఆ లైన్లో రైళ్లు ఆపాలి. దాన్నే బ్లాక్ అంటారు. ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా, ఈ రెండు స్టేషన్ల మధ్య, ఈ లైను మీరు వాడుకోవచ్చు అని కంట్రోల్ ఆఫీసు ఇస్తేనే పని మొదలవుతుంది. పైన కరెంటు తీగలతో పని ఉంటే దానికి విడిగా పవర్ బ్లాక్ తీసుకోవాలి. ఇక మన లైను ఎంత రద్దీయో మీకు తెలియంది కాదు. చెన్నై నుంచి ఢిల్లీకైనా ఇదే దారి, హౌరాకైనా ఇదే దారి. పగలు ఒక ఎక్స్‌ప్రెస్ వెనకే ఇంకోటి, మధ్యలో దొరికిన సందులో గూడ్సులు. రెండు మూడు గంటల ఖాళీ దొరకడం గగనం. దానికి తోడు మూడో లైను పనులు. విజయవాడ నుంచి గూడూరు దాకా దాదాపు 288 కిలోమీటర్ల మూడో లైను 2015–16లో మంజూరైంది. కొత్త లైను వేయాలి, దాన్ని పాత లైనుకు కలపాలి, పాత లైను బాగు కూడా చూసుకోవాలి. ఇదంతా రైళ్లు నడుస్తుండగానే జరగాలి.

జపాన్‌లో బుల్లెట్ రైళ్లు అర్ధరాత్రి 12 నుంచి పొద్దున 6 దాకా నడవవు. ఆ ఆరు గంటలూ పట్టాల పనికే. మనకు అలాంటి వీలు లేదు. రాత్రి ప్రయాణాలే మనకు ఎక్కువ. ఇక్కడ ఒక లైన్లో పని జరుగుతుంటే పక్క లైన్లో రైలు పోతూనే ఉంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కూత గురించి చెప్పేటప్పుడు అవసరమవుతుంది.

ఎండాకాలంలో ఇంకో కారణం ఉంది. ఇది బయటివాళ్లకు సాధారణంగా తెలియదు. మన చిన్నప్పుడు రైలు పోతుంటే టకటకా అని చప్పుడొచ్చేది. 13 మీటర్ల ముక్కలు కలిపిన జాయింట్లు అవి. ఇప్పుడు పట్టాల్ని వెల్డింగ్ చేసి కిలోమీటర్ల పొడవున ఒకటే పట్టాగా చేశారు. జాయింటు లేదు కాబట్టి టకటకా లేదు. కానీ ఎండకు ఇనుము సాగాలని చూస్తుంది, సాగడానికి చోటుండదు. ఆ ఒత్తిడిని తట్టుకుని పట్టాను పక్కకు పోనీయకుండా పట్టుకునేవి స్లీపర్లు, వాటి చుట్టూ ఉన్న కంకర. అలాంటిది మండుటెండలో ఆ కంకరను కదిపితే? లైను ఉన్నచోటనే మెలిక తిరిగిపోతుంది. అందుకే రైల్వేలో ఒక నియమం ఉంది. ఏ ఉష్ణోగ్రతలో పట్టాను ఒత్తిడి లేకుండా బిగించారో, దానికంటే 10 డిగ్రీలకు మించి పట్టా వేడెక్కితే కంకర కదిపే పనులు చేయకూడదు. మే నెలలో గాలి 44 డిగ్రీలుంటే పట్టా 60 దాటుతుంది. చెయ్యి పెడితే కాలుతుంది. కాబట్టి ఆ రోజుల్లో రాత్రిపూటో తెల్లవారుజామునో తప్ప ఆ పని చేయడానికి కుదరదు.

"ఈ బ్లాకులూ అవీ లేకుండా, రైలు రైలుకీ మధ్య కొంచెం కొంచెం చేసుకోకూడదా" అని కూడా అడిగారు ఒకాయన. 2017 ఆగస్టు 19న ఉత్తరప్రదేశ్‌లోని ఖతౌలీ దగ్గర ఉత్కల్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. బోగీలు లైను పక్కనున్న ఇళ్ల మీదికి వెళ్లిపోయాయి. అక్కడ బ్లాక్ లేకుండా, డ్రైవరుకు ఎలాంటి హెచ్చరికా లేకుండా పట్టా మీద పని జరుగుతోంది. ఆ రోజు ఆ పనికి కాస్త సమయం ఇచ్చి ఉంటే ఆ ప్రాణాలు నిలిచేవి. లైను పక్కన ఇళ్లలో ఉన్నది మనలాంటివాళ్లేనమ్మా. పట్టా బాగుండటం రైల్లో ఉన్నవాళ్లకు ఎంత అవసరమో మనకూ అంతే అవసరం.

ఇప్పుడు రాత్రిపూట వినిపించే చప్పుళ్ల సంగతికి వద్దాం. ఏ చప్పుడు ఏమిటో తెలిస్తే, అది ఎంతసేపు ఉంటుందో కూడా తెలుస్తుంది. నా ఉద్దేశంలో సగం ఆందోళన అక్కడే తగ్గుతుంది.

పసుపురంగు పొడవాటి బండి మెల్లగా పాక్కుంటూ వస్తుంది చూడండి, అది ట్యాంపింగ్ మెషీన్. మేం ప్యాకింగ్ మెషీన్ అనే అంటాం. రైళ్లు తిరిగీ తిరిగీ స్లీపరు కింద కంకర కుంగుతుంది. ఈ మెషీన్ పట్టాను కొద్ది మిల్లీమీటర్లు పైకెత్తి పట్టుకుంటుంది. ఉక్కు పళ్లను స్లీపరుకు అటూ ఇటూ కంకరలోకి దించుతుంది. ఆ పళ్లు సెకనుకు 35 సార్లు అదురుతూ కంకరను స్లీపరు కిందికి నొక్కుతాయి. మీ ఇంట్లో స్టీలు డబ్బాలు అలమరలో గలగలమనేది ఈ అదురుకే. పూర్వం ఇదే పనిని గ్యాంగ్‌వాళ్లు బీటర్లు పట్టుకుని, వరసగా నిలబడి, ఒక్కో స్లీపరు కిందా కొట్టేవాళ్లు. ఇప్పుడు కిలోమీటరుకు 1660 కాంక్రీటు స్లీపర్లు ఉంటాయి. మన కాలనీ గోడ వంద మీటర్లు అనుకుంటే మన ముందు 166 స్లీపర్లు. ఆ మెషీన్ మన ముందు నుంచి పది పదిహేను నిమిషాల్లో దాటిపోతుంది. దూరం నుంచి వస్తున్నప్పుడు, దాటి వెళ్తున్నప్పుడు వినిపించేది కూడా కలుపుకున్నా గంటలోపే. ట్యాంపింగ్ అని ముందే తెలిస్తే, "ఒక్క గంట ఓర్చుకుంటే సరిపోతుంది" అని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పొచ్చు.

బీసీఎం సంగతి వేరు. బ్యాలస్ట్ క్లీనింగ్ మెషీన్. ఏళ్లు గడిచేకొద్దీ కంకరలో మట్టి, బూడిద, పొడి చేరి వాన నీరు దిగకుండా చేస్తాయి. అందుకని కనీసం పదేళ్లకోసారి కంకర మొత్తం బయటికి తీసి జల్లించాలి. ఈ మెషీన్ లైను కిందనుంచి ఒక గొలుసు తిప్పి కంకరను తవ్వుతుంది, పైకి తెచ్చి జల్లెడ పడుతుంది, మంచి కంకరను మళ్లీ కిందికి వదిలి మట్టిని పక్కకు విసిరేస్తుంది. గంటకు నూటయాభై, రెండొందల మీటర్లు సాగిందంటే పని బాగా సాగినట్టే. అంటే ఒక రాత్రి బ్లాకులో చాలాభాగం అది మన ఎదురుగానే ఉంటుంది. చప్పుడుకు తోడు దుమ్ము. పొద్దున్నే ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కున్నవాళ్లు ఇక్కడే ఉన్నారు, నాకు తెలుసు. ఆ రాత్రితో అయిపోతుందా అంటే అదీ కాదు. కంకర కొత్తగా పోసిన చోట మొదట గంటకు 20 కిలోమీటర్ల వేగంతోనే రైళ్లను పంపుతారు, తరవాత కొన్ని రోజుల్లో మెల్లగా పెంచుతారు. దాన్ని కాషన్ అంటారు. ఆరేడు వందల మీటర్ల గూడ్సు ఆ వేగంతో మన ముందు నుంచి దాటడానికి రెండు నిమిషాలు పడుతుంది. బ్రేకుల కీచు, మళ్లీ లాగేటప్పుడు బోగీల గొలుసు చప్పుడు, అన్నీ మన ముందే. ఇది కూడా ముందే తెలియాల్సిన విషయం.

పాయింట్లు, అంటే లైన్లు చీలే చోటు, మనకు ఉత్తరం వైపున ఉన్నాయి. అక్కడ పనిచేసే మెషీన్ ముందుకు సాగదు, ఉన్నచోటే ఉండి పని చేస్తుంది. ఆ వైపు రెండు వీధులవాళ్లకు అందుకే ఎక్కువ ఇబ్బంది.

ఇక టంగుటంగుమనే సమ్మెట దెబ్బలు. పట్టాను స్లీపరుకు పట్టి ఉంచేవి వంకీ తిరిగిన స్ప్రింగు క్లిప్పులు, ఒక్కో స్లీపరుకు నాలుగు. పట్టా మార్చేటప్పుడు ఆ వైపున్న ప్రతి క్లిప్పూ కొట్టి ఊడదీయాలి, మళ్లీ కొట్టి ఎక్కించాలి. వంద మీటర్లలో ఒక పట్టా మారిస్తే 332 క్లిప్పులు. నాకు ఆ దెబ్బ వింటే ఇప్పటికీ క్లిప్పు సరిగ్గా కూర్చుందో లేదో తెలుస్తుంది. వదులుగా ఉంటే చప్పుడు మొద్దుగా వస్తుంది, బిగిశాక ఖంగుమంటుంది. మీకు నిద్ర పాడుచేసే ఆ ఖంగుమనే చప్పుడే ఆ గ్యాంగ్‌లో మేస్త్రీ చెవులొగ్గి వినే చప్పుడు.

చివరిగా కూత. దీని మీదే ఎక్కువ ఫిర్యాదులు విన్నాను. నా మనవి ఏమిటంటే, దయచేసి దీని జోలికి మాత్రం వెళ్లొద్దు. ఒక లైన్లో మెషీన్ రొదలో పాతికమంది పని చేస్తుంటారు. ఆ రొదలో పక్క లైన్లో వచ్చే రైలు చప్పుడు వాళ్లకు వినపడదు. రైలు వస్తుందని చెప్పడానికి ఒక లుకౌట్ మనిషి విజిల్ పట్టుకుని నిలబడతాడు, ఇప్పుడు కొన్నిచోట్ల రక్షక్ అనే పరికరాలు కూడా ఇచ్చారు. అయినా డ్రైవరు వేసే ఆ పొడవాటి కూతే చివరి రక్షణ. ఒక లైన్లో పనిచేస్తూ, పక్క లైన్లో వచ్చే రైలు తగిలి చనిపోయిన ట్రాక్ పనివాళ్లు ఉన్నారు. నాతో పనిచేసినవాళ్లను అలా పోగొట్టుకున్నాను. ఆ కూత తగ్గించమని నేను సంతకం పెట్టలేను, మీరూ పెట్టొద్దు.

ఆ మనుషుల గురించి రెండు మాటలు చెప్పనివ్వండి. రాత్రి పనికి వచ్చే ట్రాక్ మెయింటెయినర్ కొన్నిసార్లు ముందు రోజు పగలు కూడా డ్యూటీ చేసి ఉంటాడు. బ్లాక్ రాత్రి పదకొండుకని చెబితే తొమ్మిదికే వచ్చి కూర్చుంటారు. ఏదో రైలు ఆలస్యమై బ్లాక్ ఒంటిగంటకు ఇస్తారు. ఆ నాలుగు గంటలు కంకర మీదే. ఇప్పుడు గ్యాంగ్‌లలో ఆడపిల్లలు చాలామంది ఉన్నారు, బాగా చదువుకున్నవాళ్లు, పోటీపరీక్ష రాసి వచ్చినవాళ్లు. అర్ధరాత్రి లైను మీద వాళ్లకు బాత్‌రూమ్ ఎక్కడుంటుంది? మంచినీళ్లు ఎవరిస్తారు? 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వానలకు మహబూబాబాద్ జిల్లా ఇంటికన్నె–కేసముద్రం మధ్య కంకర మొత్తం కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. టీవీలో మీరందరూ చూశారు. మూడు నాలుగు రోజుల్లో రైళ్లు మళ్లీ నడిచాయంటే, రాత్రీ పగలూ వానలో నిలబడి పనిచేసింది వీళ్లే. నిద్ర పోనిది మనం మాత్రమే కాదు.

అలాగని మన కష్టం చిన్నదని చెప్పడం లేదు. నిద్ర పాడైతే ఏమవుతుందో నేను డాక్టరులా చెప్పలేను గానీ, ఎదురుగా చూస్తున్నదే చెబుతాను. మన కాలనీలో నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునే నర్సులున్నారు. తెల్లవారుజామున ఐదింటికి ఆటో తీసే డ్రైవర్లున్నారు. రాత్రంతా నిద్ర లేకుండా ఆటో నడిపితే ఆ ప్రమాదం వేరే రోడ్డు మీద జరుగుతుంది. మార్చిలో టెన్తు, ఇంటరు పరీక్షలు రాసే పిల్లలున్నారు. ఎప్పుడూ ఒకేలా వినిపించే చప్పుడుకు మనిషి కొంత అలవాటు పడతాడు. ఆగి, హఠాత్తుగా మొదలై, మళ్లీ ఆగే చప్పుడుకు అలవాటు పడడం చాలా కష్టం. రాత్రి పనుల చప్పుడు సరిగ్గా ఈ రెండో రకం.

చట్టం కూడా దీన్ని పట్టించుకుంది. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి అంటే పది నుంచి ఆరు దాకా. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. మనం మామూలుగా మాట్లాడుకునే మాటే 60 దగ్గర ఉంటుంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ దేశాల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో, రాత్రిపూట రైళ్ల చప్పుడు సగటున 44 డెసిబెల్స్ లోపు ఉండాలని చెప్పింది. ఇంకో సంగతి. చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలను నివాస ప్రాంతాల్లో రాత్రిపూట వాడకూడదని 2010లో ఆ నియమాలకు చేర్చారు. ఇది చదివి మన కుర్రాళ్లు కొందరు "కోర్టుకు వెళ్దాం, ఆపిద్దాం" అన్నారు. వాళ్ల కోపం అర్థం చేసుకోగలను. కానీ ఖతౌలీ సంగతి ఇందాకే చెప్పాను. పని ఆగితే ఆ లోపం పట్టాలోనే ఉండిపోతుంది, దాని మీదుగా గంటకు 130 కిలోమీటర్ల రైలు వెళ్తుంది. చట్టాన్ని మనం పని ఆపడానికి వాడొద్దు. "మా నిద్రకు విలువ ఉంది, కనుక మాకు చెప్పి చేయండి" అని నిలబడి అడగడానికి వాడదాం.

చెప్పకపోతే ఏం జరుగుతుందో పోయినసారి చూశాం. పన్నెండున్నరకి బీసీఎం వచ్చింది. ఎవరికీ ఏమీ తెలియదు. నేల అదురుతోంది, గోడల మీద వెలుగు అటూ ఇటూ ఊగుతోంది, ఎక్కడో జనం అరుస్తున్నారు. మూడో వీధిలో పురిటి నుంచి వచ్చి పట్టుమని నెల కాని బాలింత, భూకంపం వచ్చిందనుకుని పసిబిడ్డను కొంగులో చుట్టుకుని చెప్పుల్లేకుండా మెట్లు దిగింది. ఆ అమ్మాయిని చూసి పక్కింటివాళ్లు, వాళ్లను చూసి ఇంకొకరు. మోకాళ్లు పట్టేసిన పెద్దావిణ్ణి కుర్చీతో సహా కిందికి దింపారు. వీధి లైటు కింద అందరం నిలబడి ఉన్నాం. నాకు ఆ చప్పుడు ఏమిటో తెలుసు కాబట్టి ఇంటింటికీ వెళ్లి చెప్పి లోపలికి పంపాను. కుర్చీలో దింపిన ఆ పెద్దావిడకు రెండు రోజులు బీపీ దిగలేదు. అది బీసీఎం చేసిన పని కాదు. ఒక చీటీ లేకపోవడం వల్ల జరిగింది.

మరి ఆ చీటీ ఇవ్వడం కష్టమా? కష్టం కాదు, ఎందుకంటే సమాచారం వాళ్ల దగ్గర ఎప్పుడో సిద్ధంగా ఉంటుంది. 2023 నవంబరు 30న వచ్చిన గెజెట్ ప్రకారం రోలింగ్ బ్లాక్ అనే పద్ధతి పెట్టారు. ఏ సెక్షన్లో ఏ పని ఎప్పుడు చేయాలో 52 వారాల ముందు దాకా ప్రణాళిక వేసుకుంటారు. మీరే చూడండి, పేపర్లో "ట్రాక్ పనుల కారణంగా ఫలానా రైళ్లు రద్దు, ఫలానావి దారి మళ్లింపు" అని వారం ముందే వేస్తారు. రైలెక్కేవాళ్లకు చెబుతున్నారు, సంతోషం. అదే పని ఎవరి కిటికీ ముందు జరుగుతుందో వాళ్లకు చెప్పడం అనేది ఎవరి డ్యూటీ జాబితాలోనూ లేదు. రైల్వే హెల్ప్‌లైన్ 139 నంబరుంది, కానీ అది ప్రయాణికుల కోసం పెట్టింది. మా అన్నయ్య కూతురు ఇంగ్లండులో లైను పక్క ఇంట్లోనే ఉంటుంది. అక్కడ పట్టాలు చూసుకునే నెట్‌వర్క్ రైల్ సంస్థ, పెద్ద పని ఉంటే చుట్టుపక్కల ఇళ్లకు ముందుగా ఉత్తరం వేస్తుంది. ఏ రాత్రులు, ఏ పని, ఏ నంబరుకు ఫోన్ చేయాలి, అన్నీ అందులో ఉంటాయి. చప్పుడు అక్కడా ఉంటుంది. ఉత్తరం చదివిన మా పిల్ల ఆ రెండు రాత్రులూ స్నేహితురాలింట్లో పడుకుంది.

అన్నీ ముందే చెప్పడం కుదరదని నాకూ తెలుసు. చలికాలం తెల్లవారుజామున పట్టా కుంచించుకుపోయి విరుగుతుంది. పెట్రోలింగ్ మనిషి చూస్తాడు, అప్పటికప్పుడు గ్యాంగ్‌ను పిలుస్తారు. వరదొస్తే అంతే. అలాంటి అత్యవసరానికి చీటీ అడగడం తప్పు. అడుగుతున్నది ప్రణాళికలో ఉన్న పనికి మాత్రమే. బ్లాక్ ఆ రోజు రద్దయితే? రద్దయిందని ఒక మెసేజ్ పెడితే చాలు. మన వాట్సాప్ గ్రూపులో వంద ఇళ్లకు ఒక్క నిమిషంలో చేరుతుంది.

చీటీతో పాటు అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి, డబ్బు ఖర్చు లేనివే. పట్టా కోసే రంపం, వెల్డింగ్ తరవాత అరగదీసే గ్రైండర్, వీటికి మించిన చెవులు చిల్లులు పడే చప్పుడు లేదు. బ్లాక్ ముందుగా దొరికిన రోజు ఆ పనులు మొదట పెట్టుకుంటే పిల్లలు గాఢనిద్రలోకి వెళ్లేలోపు అయిపోతాయి. జనరేటరు మన గోడ వైపు కాకుండా అటువైపు పొలం పక్కన పెట్టొచ్చు. ఫ్లడ్ లైటు తల కిందికి దించొచ్చు. బ్లాక్ కోసం ఎదురుచూసే మెషీన్ ఇంజన్ ఆన్ చేసి మన ఇళ్ల ముందు కాకుండా స్టేషన్ దగ్గర పక్కకు తీసిన లూప్ లైన్లో నిలబెట్టొచ్చు. బీసీఎం విసిరిన మట్టి గుట్టలు మన డ్రెయిన్‌లో పడి నీళ్లు నిలుస్తున్నాయి, దోమలు పెరుగుతున్నాయి. ఆ మట్టి ఎప్పుడు ఎత్తుతారో తేదీ అడుగుదాం. టెన్తు, ఇంటరు పరీక్షల తేదీలు మనమే ముందుగా రాసి ఇద్దాం. పరీక్షల రోజుల్లో ట్యాంపింగ్ కానిచ్చినా, బీసీఎంను ఆ వారం పక్కకు జరపడానికి ప్రణాళిక వేసేవాళ్లకు వీలుంటుంది.

మన ఇళ్లలో మనం చేసుకోగలిగింది కొంచెం ఉంది. చప్పుడు గాలితో పాటే లోపలికి వస్తుంది. లైను వైపు తలుపు కింద సందు, కిటికీ రెక్కల మధ్య సందు, ఏసీ పైపు కోసం కొట్టిన కన్నం, ముందు ఇవి మూయండి. అద్దం మందంగా మార్చడం కంటే సందు మూయడం చవక, లాభం ఎక్కువ. చీటీ వచ్చిన రాత్రికి పసిపిల్లల్ని, పెద్దవాళ్లని అటువైపు గదిలో పడుకోబెట్టండి. చెవిలో పెట్టుకునే ప్లగ్గులు గ్రైండర్ చప్పుడుకు పనికొస్తాయి గానీ నేల అదురుకు పనికిరావు. ఆ అదురుకు మంచం గోడకు ఆనకుండా జరపండి, అలమరలో స్టీలు డబ్బాల మధ్య గుడ్డలు పెట్టండి. గోడల్లో పగుళ్లుంటే ఇప్పుడే తేదీ కనబడేలా ఫోటోలు తీసి ఉంచండి, తరవాత మాట్లాడుకోవడానికి ఆధారం ఉంటుంది. కొత్తగా ఇల్లు కట్టేవాళ్లకు ఒక మాట. రైల్వే హద్దు నుంచి 30 మీటర్ల లోపు కట్టాలంటే రైల్వే ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం, కావాలి. బిల్డరు "అవన్నీ మేం చూసుకుంటాం" అంటే నమ్మకుండా ఆ కాగితం కళ్లతో చూడండి.

పని చేసేవాళ్ల పట్ల మన వైపు నుంచి కూడా కొంత ఉండాలి. పోయిన వేసవిలో మెషీన్ మీద ఎవరో రాళ్లు వేశారు. ఎవరో నేను అడగను. ఇంకెప్పుడూ జరగకూడదు. రాత్రి పని ఉన్నప్పుడు ఈ కమ్యూనిటీ హాలు బాత్‌రూమ్ తాళం తీసి ఉంచుదామని నా ప్రతిపాదన. గేటు దగ్గర ఒక క్యాను మంచినీళ్లు పెడదాం. గ్యాంగ్‌లో ఉన్న ఆడపిల్లలకు అది ఎంత ఊరటో నాకు తెలుసు. తాళం చెవి మొదటి వీధి అక్కయ్యగారు ఉంచుకుంటానన్నారు.

ఉత్తరం రాసి తెచ్చాను, ఆ బల్ల మీద ఉంది. ఒకే పేజీ. ఇంజినీరింగ్ అధికారికి, స్టేషన్ సూపరింటెండెంట్‌కు, మన మునిసిపల్ వార్డుకు తలా ఒక కాపీ. ఇందులో అడిగింది ఇదీ: ప్రణాళికలో ఉన్న ప్రతి రాత్రి పనికి 24 గంటల ముందు మన గ్రూపుకు ఒక మెసేజ్, గేటు దగ్గర నోటీసు బోర్డుకు ఒక కాగితం. తేదీ, మొదలయ్యే గంట, ముగిసే గంట, మెషీన్ పేరు, ఆ రాత్రి సైట్‌లో ఉండే బాధ్యుడి ఫోన్ నంబరు. కూత గురించి ఇందులో ఒక్క వాక్యం లేదు, చూసుకోండి. బాత్‌రూమ్, మంచినీళ్ల సంగతి చివరి పేరాలో రాశాను.

చదివి, మార్పులుంటే చెప్పి, సంతకాలు పెట్టండి. రేపు పదకొండింటికి నేను వెళ్లి ఇస్తాను. నాతో ఇద్దరు రావాలి, ఒకరు తప్పకుండా ఉత్తరం వైపు వీధుల నుంచి. ఎవరొస్తారో ఇప్పుడే చెప్పండి.